సవరణ: ఫ్రాన్స్ గుర్తింపు 2019లో కాదు, 2001లోనే

1915లో మొదలై ఒట్టోమన్ (టర్కీ) సామ్రాజ్యంలో ఆర్మేనియన్లపై జరిగిన జాతిహననాన్ని ఫ్రాన్స్ 2019లో గుర్తించిందని నా గత టపాలో రాశాను, అది తప్పు. ఫ్రాన్స్ ఆ గుర్తింపును 2001 జనవరి 29 నాటి చట్టంతోనే ఇచ్చింది. ఏప్రిల్ 24ను జాతీయ సంస్మరణ దినంగా పాటించాలన్న ప్రభుత్వ ఉత్తర్వు మాత్రమే 2019లో వెలువడింది. ఈ రెండింటి మధ్య 18 ఏళ్లు గడిచాయి కాబట్టి, వాటిని ఒకటిగా కలిపేయడం అన్నేళ్లూ ఆ దినం కోసం పట్టు విడవకుండా అడిగినవారికి అన్యాయం చేయడమే. అందుకు పాఠకులు మన్నించాలి.

పారిస్‌లో సెయిన్ నది ఒడ్డున, ఆర్మేనియన్ సంగీతకారుడు కొమితాస్ విగ్రహం దగ్గర ఈ సంస్మరణ జరుగుతుంది. 1915 ఏప్రిల్ 24న ఇస్తాంబుల్‌లో నిర్బంధించిన ఆర్మేనియన్ ప్రముఖుల్లో ఆ సంగీతకారుడూ ఒకరు. ప్రాణాలతో బయటపడినా ఆయన మనసు మళ్లీ కుదుటపడలేదు. 1935లో పారిస్ శివారులోనే కన్నుమూశారు.