మేనరికానికి ముందు రక్తపరీక్షా?

విజయనగరం దగ్గర పల్లె. సిరిమానోత్సవం అయ్యాక చిన్నకూతుర్ని మేనల్లుడికిచ్చి చేస్తానని మావయ్య పట్టు. పెద్దకూతుర్ని ఇచ్చింది ఆ మేనల్లుడి అన్నకే. వాళ్ల పాపకి ఇప్పుడు రెండేళ్లు. ఏడాదప్పుడు మంచంకోడు పట్టుకుని నిలబడింది. ఇప్పుడు మెడ నిలపలేదు. పెళ్లికి అడ్డుపడుతున్నది పాప మేనత్త, బయోకెమిస్ట్రీ చదివిన అమ్మాయి.

మావయ్య: మూడు తరాలుగా మేనరికాలే. ఎవరికొచ్చిందమ్మా ఇది? ఒక్క పిల్లకొస్తే సంబంధాలన్నీ తప్పా?

మేనకోడలు: తప్పనలేదు మావయ్యా. పెంకుటిల్లు బాగుచేయించావు కదా, పగిలిన పెంకు తీస్తేనే కొత్తది పడుతుంది. కణాల చుట్టూ ఫాస్ఫోలిపిడ్‌లనే కొవ్వు పొర ఉంటుంది. ఒక్కోదానికి రెండు తోకలు. చెడిన తోకని కత్తిరించే ఎంజైమ్‌ని పీఎల్‌ఏ2జీ6 అనే జన్యువు తయారు చేయిస్తుంది. పాపలో అది పనిచెయ్యదు. పాత పెంకులు అలాగే ఉండిపోయి నరాల్లో ఉబ్బులు కడుతున్నాయి. ఈ జన్యువుకీ ఈ జబ్బుకీ లింకు 2006లో తేలింది. నయం చేసే మందు మాత్రం ఇంకా లేదు.

మావయ్య: మరి దాని అమ్మానాన్నా బాగానే ఉన్నారే?

మేనకోడలు: జన్యువు అందరికీ రెండు కాపీలు. ఒకటి బాగుంటే చాలు, ఇల్లు కారదు. పాప రిపోర్టులో రెండు కాపీల్లోనూ ఒకే తప్పు. తాతయ్యదో అమ్మమ్మదో అయ్యుంటుంది. నీ ద్వారా వదినకీ, మా అమ్మ ద్వారా అన్నయ్యకీ దిగి, పాప దగ్గర కలిసింది.

మావయ్య: పోయిన మా అమ్మ మీద పెడుతున్నావా?

మేనకోడలు: నామీదా పెట్టుకుంటున్నాను. నాలో ఉండడానికీ సగానికి సగం ఛాన్సు. చిన్నదానికీ అంతే, తమ్ముడికీ అంతే. ఇద్దరిలోనూ ఉంటే ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు భయం.

మావయ్య: లెక్క నాకూ వచ్చు. ఇద్దరిలో ఉండడం నాలుగింట ఒకటి, అందులో మళ్లీ నాలుగింట ఒకటి. పదహారింట ఒకటి. దానికి పెళ్లి ఆపుతారా?

మేనకోడలు: ఆ పదహారు పరీక్ష చేయించే దాకానే. ఒక్కరిలో లేదని తేలినా దాదాపు భయం పోతుంది. ఇద్దరిలో ఉందంటే నాలుగింట ఒకటని తెలిసే చేస్తాం. పాప రిపోర్టులో ఏ తప్పో రాసుంది, అదొక్కటే వెతికితే చాలు.

మావయ్య: నువ్వు లెక్క చూస్తున్నావు, నేను ఊరు చూస్తున్నాను. చిన్నదానిలో ఉందని పొక్కితే రేపు బయటి సంబంధం వస్తుందా? కుర్రాడినైతే ఎవరూ అడగరు.

(దీనికి ఆ అమ్మాయి దగ్గర జవాబు లేదు. నాకూ తోచలేదు.)

మేనకోడలు: ఉండడం జబ్బు కాదు మావయ్యా. బయటివాళ్లలో ఇదే జన్యువు చెడి ఉండడం చాలా అరుదు.

మావయ్య: నాకు చెప్పగలవు. ఊరికి చెప్పగలవా?

కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

మావయ్య: సరే, ముందు మీ తమ్ముడి రక్తం తీయించు. వాడిలో లేకపోతే నా కూతురికి సూదే అక్కర్లేదు కదా?

మేనకోడలు: ...అక్కర్లేదు. నాకు తట్టలేదు. ఉంటే?

మావయ్య: ఉంటే అప్పుడు రా. మీ అమ్మని కూడా తీసుకురా.