ఖాళీ ఉన్నా ఎక్కని ఫైలు

డ్రైవ్‌లో 50 జీబీ ఖాళీ. పెళ్లి వీడియో 6 జీబీ. అయినా ఎక్కదు! డ్రైవ్ ఫ్యాట్32లో ఉంది, అంటే ఫైళ్లను సర్దిపెట్టుకునే ఓ పాత పద్ధతి. అందులో ఫైలు సైజు రాసుకోవడానికి ఉన్నవి 32 బిట్లే మరి. ఏ ఫైలైనా 4 జీబీకి ఒక్క బైటైనా తక్కువుండాల్సిందే.

డేటా పోకుండా ఆ డ్రైవ్‌ను ఎన్‌టీఎఫ్‌ఎస్‌కి (పెద్ద ఫైళ్లనూ పట్టే విండోస్ పద్ధతి) మార్చే 'కన్వర్ట్' కమాండ్ విండోస్‌లోనే ఉంది. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి 'కన్వర్ట్ డి: /ఎఫ్‌ఎస్:ఎన్‌టీఎఫ్‌ఎస్' (convert D: /fs:ntfs) కొట్టాలి. 'డి' చోట మీ డ్రైవ్ అక్షరం పెట్టుకోవాలి. వెంటనే వాల్యూమ్ లేబుల్ (డ్రైవ్‌కి పెట్టిన పేరు) ఏంటని మననే అడుగుతుంది. దానికి తెలియదా? తెలుసు! ఒక్కక్షరం తేడా వచ్చినా ముందుకు కదలదు. ఎక్స్‌ప్లోరర్‌లో కనిపించే 'లోకల్ డిస్క్' అసలు లేబులే కాదు. 'వోల్ డి:' (vol D:) కొట్టి చూసుకోవాలి. అదయ్యాక, డిస్కులో ఎర్రర్లున్నాయని మొండికేస్తే ముందు 'చెక్‌డిస్క్ డి: /ఎఫ్' (chkdsk D: /f) కొట్టాలి. డ్రైవ్ వాడకంలో ఉంటే రీస్టార్ట్ దాకా ఆగాల్సి రావచ్చు. డ్రైవ్ నిండుగా ఉంటే అసలు జరగదు, మార్పిడికే కొంత ఖాళీ కావాలి. ఎక్స్‌ఫ్యాట్ (పెద్ద ఫైళ్లను పట్టే మరో పద్ధతి) డ్రైవ్‌నైతే ముట్టుకోనే ముట్టుకోదు.

ఇంతా చేశాక కారు స్టీరియో ఆ డ్రైవ్‌ను గుర్తుపట్టకపోవచ్చు. మ్యాక్ చదువుతుంది కానీ మామూలుగా రాయనివ్వదు. వెనక్కి వెళ్దామంటే విండోస్‌లో ఫార్మాట్ తప్ప దారి లేదు.

మధ్యలో కరెంటు పోతే గోవిందా, కాబట్టి బ్యాకప్ ఎలాగూ తీయాలి. తీశాక ఇంకా ఈ కన్వర్ట్ గోల ఎందుకు? విండోస్‌కే పరిమితమైన డ్రైవ్‌కి ఎన్‌టీఎఫ్‌ఎస్, నాలుగు చోట్ల తిరిగేదానికి ఎక్స్‌ఫ్యాట్ పెట్టి ఫార్మాట్ కొట్టేయండి.