మూడు నెలలు చాలవా అట!

ఇప్పుడే ఇక్కడ అమెరికాలో, టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఒక గృహప్రవేశం నుంచి వచ్చా. ఒళ్లు మండిపోతోంది. భోజనాల దగ్గర ఒక అంకుల్ మా రూమ్మేట్‌ని పట్టుకుని, పప్పులో నెయ్యి వేసుకుంటూ, "90 రోజులిచ్చారు కదమ్మా, మూడు నెలల్లో ఒక్క ఉద్యోగం దొరకలేదా?" అన్నాడు. అదీ పదిమందిలో. అది పాపం నవ్వి ఊరుకుంది. నేను ఊరుకునే రకం కాదు.

ఆ 90 రోజులూ ఎలా పోతాయో అంకుల్‌కి తెలుసా? చదువయ్యాక విద్యార్థి వీసా మీదే పని చేసుకోనిచ్చే అనుమతిని ఓపీటీ అంటారు. అందులో ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులే. ఓపీటీ కార్డు మీద ఏ తేదీ ఉంటే ఆ రోజు నుంచి మీటరు మొదలు. శని, ఆదివారాలు లెక్కే, థాంక్స్‌గివింగ్ లెక్కే, క్రిస్మస్ లెక్కే. డిసెంబర్‌లో రిక్రూటర్లంతా సెలవుల్లో ఉంటారు, మీటరుకి మాత్రం సెలవు లేదు. ఉద్యోగం లేనప్పుడు అమ్మకి బాగోలేదని ఇండియా వెళ్లొచ్చినా ఆ రోజులు పోయినట్టే. చేరిన ఉద్యోగం మధ్యలో ఊడితే మళ్లీ కొత్తగా 90 ఇవ్వరు, మిగిలినవాటితోనే సర్దుకోవాలి. సైన్సు, ఇంజినీరింగ్ లాంటివి చదివినవాళ్లకిచ్చే స్టెమ్ పొడిగింపు వస్తే ఇంకో 60 కలుపుతారు. మొత్తం మూడేళ్లకీ కలిపి 150. దాటితే స్టేటస్ పోతుంది. 2025 మేలో ఉద్యోగం వివరాలు నమోదు కాని పిల్లలకి సర్కారు నుంచి లేఖలు వచ్చాయి గుర్తుందా? 15 రోజుల్లో సరిచేసుకోకపోతే విద్యార్థిగా ఉన్న రికార్డు రద్దట. ఆ వారమంతా మా అపార్ట్‌మెంట్లో ఎవరికీ నిద్ర లేదు.

అసలు సంగతి చెప్పనా? మా రూమ్మేట్‌కి ఆఫర్ ఉంది! బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ దగ్గర ఆగింది. బీటెక్ చదివిన కాలేజీవాళ్లు డిగ్రీ నిజమేనని ఒక్క మెయిల్ పెట్టాలి. పెట్టరు. వాళ్ల నాన్న ఖమ్మంలో బస్సెక్కి హైదరాబాద్ వెళ్లి, ఎగ్జామినేషన్ బ్రాంచి కిటికీ ముందు నిలబడితే "సార్ లంచ్‌కి వెళ్లారు, రేపు రండి" అన్నారట. ఆ సార్ లంచ్ కూడా దీని 90లోంచే కట్. ఆఫర్ లెటర్ చేతిలో ఉన్నా, చేరేదాకా సర్కారు లెక్కలో నిరుద్యోగే.

ఇంకో విచిత్రం. మొదటి ఏడాది ఓపీటీలో చదివిన సబ్జెక్టుకి సంబంధించిన పని వారానికి 20 గంటలు ఉచితంగా చేస్తే మీటరు ఆగుతుంది. అంటే ఊరికే ఊడిగం చేసేవాడు ఉద్యోగి, పొద్దున్నుంచి రాత్రిదాకా ఇంటర్వ్యూలకి ప్రిపేరయ్యేవాడు సోమరి. లక్షలు లక్షలు లోన్ తీసుకుని వచ్చింది ఫ్రీగా పనిచేయడానికా? వడ్డీ ఎవరు కడతారు, వాళ్ల తాతా?

సరే, అంకుల్ దగ్గరికే వద్దాం. 2022 చివర్లో లేఆఫ్‌లు మొదలైనప్పుడు హెచ్‌వన్‌బీ ఉద్యోగ వీసా వాళ్లకి, ఉద్యోగం పోయాక ఇంకోటి వెతుక్కోవడానికిచ్చే 60 రోజుల గ్రేస్ చాలదని, 180 చేయాలని గోల గోల చేశారు కదా. న్యాయమైన గోలే, నేనూ పిటిషన్ మీద సంతకం పెట్టా. పదిహేనేళ్ల అనుభవం ఉన్న పెద్దమనుషులకి 60 రోజుల్లో ఉద్యోగం దొరకదు గానీ, నిన్న డిగ్రీ పట్టా పుచ్చుకున్న పిల్లకి 90 రోజుల్లో దొరికెయ్యాలి. భలే న్యాయం! ఈయనగారు వచ్చిన రోజుల్లో హెచ్‌వన్‌బీ కోటా ఏడాదికి 1,95,000 దాకా వెళ్లింది. ఇప్పుడు 65,000, మాస్టర్స్ వాళ్లకి ఇంకో 20,000, ఆపైన లాటరీ. "మా రోజుల్లో మేం కష్టపడ్డాం" అంటే నవ్వాలా ఏడవాలా?

ఇంతకీ ఆ ప్రశ్న ఎందుకు అడిగాడో స్వీట్ తినేటప్పుడు తెలిసింది. వాళ్ల బావమరిదికి కన్సల్టెన్సీ ఉందట. "ఉద్యోగం ఉన్నట్టు పేపర్ మీద చూపించేస్తాం, నెలకి కొంత కట్టుకో చాలు, మీటరు ఆగిపోతుంది." 2020 అక్టోబర్‌లో లేని కంపెనీల్లో పని చేస్తున్నట్టు చూపించుకున్న 15 మంది ఓపీటీ పిల్లల్ని ఐస్ (అమెరికా ఇమ్మిగ్రేషన్ పోలీసు విభాగం) అరెస్టు చేసింది. ఆ గతి పడితే విమానం ఎక్కాల్సింది ఈ పిల్ల, బావమరిది కాదు.

ఈ కన్సల్టెన్సీల మీద నా కోపం ఈనాటిది కాదు. నిన్నగాక మొన్న పాసైనవాడికి ఏడేళ్ల ఎక్స్‌పీరియన్స్ రాసేది వీళ్లే. ఇంటర్వ్యూలో వెనక నుంచి ఒకడు మాట్లాడుతుంటే ముందొకడు పెదాలు కదిపేది వీళ్ల చలవే. ఫలితం అనుభవించేది ఎవరు? కిందటి నెల ఒక ఇంటర్వ్యూలో మా రూమ్మేట్‌ని ల్యాప్‌టాప్ తిప్పి గది నాలుగు మూలలూ చూపించమన్నారు. తర్వాత టేబుల్ కింద చూపించమన్నారు. బట్టలారేసుకున్న స్టాండుతో సహా అన్నీ చూపించింది. ఆ తర్వాత గానీ మొదటి ప్రశ్న అడగలేదు.

మా బ్యాచ్ గ్రూపులో ఇదంతా చెప్పుకుని ఏడిస్తే ఒకడు ఏమడిగాడో తెలుసా? "నెలకి ఎంత కట్టాలట? నంబర్ ఉంటే పంపవా?"