ప్రతిధ్వనే నిక్షేపమా?

లోతు సముద్రంలో సీస్మిక్ సర్వే, అంటే శబ్ద తరంగాలతో భూగర్భాన్ని పరిశీలించే పని, ముగిసీ ముగియగానే, ఒక్క బావి అయినా తవ్వకముందే, భారీ చమురు, వాయు నిక్షేపాలంటూ ఆశలు రేపడం మంచిది కాదు. సర్వేకు చిక్కేది చమురు కాదు, దాని ఆనవాలు కాగల ప్రతిధ్వని మాత్రమే.

ఓడ వెంట సాగుతూ గాలిని ఒక్కసారిగా వదిలే ఎయిర్‌గన్ల శబ్దం సముద్రగర్భంలోని రాతి పొరలను తాకి వెనక్కి వస్తుంది. కిలోమీటర్ల పొడవైన కేబుళ్లలోని హైడ్రోఫోన్లు (నీటిలో పనిచేసే మైకులు) దాన్ని నమోదు చేస్తాయి. మెత్తటి ఇసుకరాతి రంధ్రాల్లో నీటికి బదులు వాయువు ఉంటే తరంగ వేగం తగ్గి, ప్రతిధ్వని బలపడుతుంది. 1970ల నుంచి అన్వేషకులను ఊరిస్తున్న 'బ్రైట్ స్పాట్' ఇదే. తరంగం తాకే కోణాన్నిబట్టి ఆ బలం ఎలా మారుతుందో పరిశీలించే పద్ధతికి 1984లో భూభౌతిక శాస్త్రవేత్త ఆస్ట్రాండర్ పరిశోధన ఊపునిచ్చింది.

చిక్కల్లా, రంధ్రాల్లో వాయువు పదో వంతే ఉన్నా, నిండుగా ఉన్నప్పుడు తగ్గినంతగానే వేగం పడిపోతుంది. వెలికితీతకు పనికిరాని వాయువూ, సిసలైన నిక్షేపమూ తెరమీద ఒకేలా మెరుస్తాయి. ఉప్పు పొరలున్న చోట అసలు చిత్రమే వంకరపోతుంది. 2006లో బ్రెజిల్ సముద్రంలో బయటపడిన టూపీ క్షేత్రపు చమురు అలాంటి మందపాటి ఉప్పు కిందే ఉంది. పొరల ఆకృతిని సరిగ్గా పట్టినా భరోసా లేదు. 1983లో అలాస్కా ఉత్తర తీరాన తవ్విన మక్లక్ బావి అందుకు సాక్ష్యం. అక్కడ సముద్రపు లోతు తక్కువే, సర్వే చూపిన గుమ్మటమూ నిజమే. చమురు మాత్రం ఎప్పుడో జారిపోయింది. లీజులతో కలిపి వంద కోట్ల డాలర్లకు పైగా వృథా అయ్యాయి.

అందుకే రెండో సాక్ష్యం అవసరం. కొద్దిపాటి వాయువు రాతి విద్యుత్ నిరోధాన్ని పెద్దగా పెంచదు, నిండుగా ఉన్న చమురు, వాయువు బాగా పెంచుతాయి. 2000లో అంగోలా సముద్రంలో పరీక్షించిన విద్యుదయస్కాంత సర్వే పట్టుకునేది ఈ తేడానే. ఖర్చు ఎక్కువని దీన్ని పక్కనపెట్టడం పొదుపు కాదు. లోతు సముద్రంలో ఒక్క బావికే పది కోట్ల డాలర్లు దాటవచ్చు.

తవ్వకానికి ముందే విజయావకాశం ఎంత శాతమో కంపెనీలు నియంత్రణ సంస్థకు రాసివ్వాలని మేము కోరుతున్నాం. అంచనా, ఫలితం పక్కపక్కన పెట్టి చూస్తేనే ఏ సంకేతాన్ని ఎంత నమ్మవచ్చో తేలుతుంది. చమురు, వాయువు దొరకని బావుల సమాచారం బీరువాల్లో మూలగకూడదు. నార్వేలో బావుల ముడి సమాచారం సాధారణంగా రెండేళ్లకు బహిరంగమవుతుంది, మిగతా దేశాలూ ఆ గడువును పాటించాలి. సర్వేల సమాచారాన్నీ పంచుకుంటే, తిమింగలాలను కలవరపెట్టే ఎయిర్‌గన్లను ఒకే చోట మళ్లీ మళ్లీ పేల్చాల్సిన పనీ తగ్గుతుంది.