వాలని కామా

మిరపతోటలను తినేసిన నల్ల తామర పురుగు మీద మేము రాసిన పరిశోధన వ్యాసం పోయిన వారం మూడోసారి తిరిగి వచ్చింది. కారణం పురుగు కాదు, కామా. రిఫరెన్సుల పట్టికలో పదిహేడో అంశంలో, పత్రిక పేరు తర్వాతి కామా ఇటాలిక్‌లో, అంటే పక్కకు వాలి ఉండాలట. మాది నిటారుగా నిలబడిందట.

సంగతి తెలిసిన పాఠకులకు వివరించనక్కరలేదు. ఏపీఏ, అంటే అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ పెట్టిన పద్ధతిలో పత్రిక పేరు వాలాలి, సంపుటి సంఖ్య వాలాలి, రెండింటి నడుమ కామా కూడా వాలాలి. సంచిక సంఖ్య మాత్రం బ్రాకెట్లలో నిటారుగా కూర్చోవాలి. పుట సంఖ్యల మధ్య ఉండేది మామూలు అడ్డగీత కాదు, దానికన్నా రవ్వంత పొడుగు గీత. ఇంత మడి మా ఇంట్లో తద్దినానికి కూడా లేదు.

అరండల్‌పేటలో శుభలేఖలు చేసే డీటీపీ అబ్బాయి దగ్గరికి పరిగెత్తాను. తెర మీద కామాను కొడవలంత చేశాడు. ఇద్దరం మెడలు పక్కకు వంచి చూశాం. "వాలినట్టే ఉంది మాస్టారూ" అన్నాడు. టీ తెచ్చినతను గ్లాసులు దించకుండానే "లేదండీ, నిటారే" అని తీర్పు చెప్పాడు. కూతురి శుభలేఖ కోసం వచ్చిన పెద్దాయన కళ్లద్దాలు తుడుచుకుని వచ్చి, తెరకు స్కేలు ఆనించి, "పెళ్లికూతురి పేరు తప్పు పడితే నిమిషంలో దిద్దారు, దీనికి ఇంత పంచాయతీయా?" అన్నారు. అన్నారే గానీ స్కేలు మాత్రం తీయలేదు.

పేర్ల గొడవ ఇంకొకటి. మనకు ఇంటిపేరు ముందు, పాశ్చాత్యులకు చివర. అందుకని మా పట్టికలో ఒకరి ముఖం ఒకరు చూడని ఆరుగురు పండితులు రావు ఇంటివారై, వరసగా అన్నదమ్ముల్లా నిలబడ్డారు. 2019లో వచ్చిన ఏపీఏ నియమాల ఏడో కూర్పు, ప్రచురణకర్త ఊరి పేరు అక్కరలేదంది. అంతవరకూ ఊరు లేదని తిప్పి పంపినవారే ఇప్పుడు ఊరు ఉందని తిప్పి పంపుతున్నారు.

ఇదంతా నవ్వుకుని ఊరుకునేవాణ్ణి. కానీ 2021లో పూత రాలిపోతుంటే ఆకుల కింద వెతుకుతున్న నాతో, "ఆకు తిప్పితే ఏముంది మాస్టారూ, పువ్వు విప్పి చూడండి" అన్నది ఒక కౌలు రైతు. మా వ్యాసం మొత్తం ఆ ఒక్క మాట మీద నిలబడింది. ఆయనకు పట్టికలో చోటు లేదు. నోటిమాట "వ్యక్తిగత సమాచారం" అట, వ్యాసం నడుమ బ్రాకెట్లలో ఒక మూల పడి ఉండాలట! తోట పీకేసి అప్పు మిగుల్చుకున్న మనిషి బ్రాకెట్లలోకి, తోట ముఖం చూడని ఆరుగురు రావులు పట్టికలోకి. మూడుసార్లు తిప్పి పంపారే, పురుగు గురించి ఒక్క ప్రశ్న అడిగారా? అది ఏ మందుకు చస్తుందని అడిగారా? ప్రచురణ రుసుము రూపాయి తగ్గకుండా పుచ్చుకునేవారు ఆ కామాను తామే వాల్చుకుంటే చేతులు అరుగుతాయా?

నిన్న నాలుగోసారి పంపాను. కామా వాలింది, టీ అతను కూడా ఒప్పుకున్నాడు. ఈ ఉదయం జవాబు వచ్చింది. ఇరవై మూడో అంశంలో డీఓఐ, అంటే వ్యాసాన్ని ఇంటర్నెట్‌లో గుర్తుపట్టే సంఖ్య, చివర చుక్క పెట్టామట. అక్కడ చుక్క ఉండకూడదట.