ప్రమోషన్ తీసుకుంటే నష్టమేనా? ఆ మెసేజ్‌లో నిజమెంత?

రేణిగుంట, కరకంబాడి, శ్రీసిటీ వైపు కంపెనీల్లో పనిచేసేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ఆపరేటర్ నుంచి సూపర్‌వైజర్‌గా ప్రమోషన్ ఇస్తామంటే ఒప్పుకోవద్దని దాని సారాంశం. ఓటీ (అదనపు గంటల పనికి వచ్చే డబ్బు) పోతుందట, ఈఎస్ఐ (ఉద్యోగికీ కుటుంబానికీ వైద్యం అందించే ప్రభుత్వ బీమా) కార్డు ఆ రోజే ఆగిపోతుందట, పీఎఫ్ ఆగిపోతుందట, బోనస్ ఉండదట, పైగా టాక్స్ పడుతుందట. నేను జీతాల లెక్కలు చూసేవాణ్ణి. ఫోన్ చేతికిచ్చి "ఇది నిజమేనా అన్నా?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి ఒకసారి రాసి పెడుతున్నాను.

ముందు టాక్స్ సంగతి. ప్రమోషన్‌తో నెలకు 23,000 జీతం వస్తుందనుకుంటే ఏడాదికి 2,76,000. కొత్త ఆదాయపు పన్ను పద్ధతిలో 4 లక్షల వరకు అసలు పన్నే లేదు. 2025-26 నుంచి రిబేటుతో (పన్ను మాఫీతో) కలిపి 12 లక్షల ఆదాయం వరకు కట్టాల్సింది సున్నా. మన రాష్ట్రంలో వృత్తి పన్ను మాత్రం జీతం 20,000 దాటితే నెలకు 150 నుంచి 200 అవుతుంది. ఆ యాభై రూపాయల కోసం ప్రమోషన్ వదులుకునేవాళ్లుంటే నాకు ఒకసారి చూడాలనుంది.

పీఎఫ్ కూడా అంతే. జీతం 15,000 దాటిందని ఉన్న ఖాతా ఆగదు. కంపెనీ తన వాటాను 15,000 మీద 12 శాతానికి, అంటే 1,800కి పరిమితం చేయవచ్చు. పెంచకపోవడం వేరు, ఆపేయడం వేరు.

ఇక ఓటీ. ఈ మెసేజ్‌కి బలమంతా ఇక్కడే ఉంది, మోసం కూడా ఇక్కడే. రాసినవాళ్లు ఆర్డర్లు ముమ్మరంగా ఉన్న నెలలో వచ్చిన ఓటీని తీసుకొచ్చి సూపర్‌వైజర్ మామూలు జీతం పక్కన పెట్టారు. నెలకు 19,000 వచ్చే ఆపరేటర్‌ని తీసుకుందాం. 26 రోజులు, రోజుకు ఎనిమిది గంటలైతే గంటకు సుమారు 91 రూపాయలు. ఓటీకి రెట్టింపు కాబట్టి 182. నెలలో 40 గంటల ఓటీ చేస్తే 7,300 దాకా అదనం, మొత్తం 26,300. ప్రమోషన్ జీతం 23,000. చూడ్డానికి నష్టమే. కానీ ఓటీ మన హక్కు కాదు, కంపెనీకి అవసరమైనప్పుడే ఇస్తుంది. లైన్ ఖాళీగా ఉన్న నెలలో అదే ఆపరేటర్ చేతికి 19,000 లెక్కే. పెరిగే 4,000ను గంటకు 182తో భాగిస్తే, ఈ రెండింటికీ మధ్య గీత 22 గంటల దగ్గర పడుతుంది. మీ పే స్లిప్పులు ఏడాదివి ముందేసుకుని, ఓటీ గంటలన్నీ కూడి పన్నెండుతో భాగించండి. సగటు 22 కన్నా తక్కువొస్తే ప్రమోషన్‌లోనే డబ్బు ఎక్కువ. ఎక్కువొస్తే తక్కువ. మీ జీతానికి మీ అంకెలు వేసుకోవాలి, అంతే.

ఇంకో మాట. లెటర్‌లో "టీమ్ లీడర్" అని రాసినంత మాత్రాన ఓటీ పోదు. రోజంతా మెషీన్ మీదే పనిచేస్తుంటే హోదా పేరు కాదు, చేసే పనే ముఖ్యమని కోర్టులు చాలాసార్లు చెప్పాయి. అయితే నిజంగా సూపర్‌వైజర్ అయ్యాక మెసేజ్ చెప్పని ఖర్చు ఒకటుంది. షిఫ్ట్ అప్పజెప్పేసరికి కంపెనీ బస్సు వెళ్లిపోతుంది. పుత్తూరు, శ్రీకాళహస్తి నుంచి వచ్చేవాళ్లకు అది చిన్న విషయం కాదు. గంగ జాతర రోజుల్లో లీవు సంగతి సరేసరి.

ఈఎస్ఐ పోతుందన్నది సగం నిజం. 2017 జనవరి నుంచి దీనికి జీతం పరిమితి నెలకు 21,000. ఆ లెక్కలో ఓటీని కలపరు. అందుకే పైన చెప్పిన ఆపరేటర్ 26,300 తీసుకున్నా కార్డు ఉంటుంది, ఓటీ లేని 23,000 సూపర్‌వైజర్‌కి ఉండదు. వినడానికి వింతగా ఉన్నా లెక్క అదే. కానీ "ఆ రోజే ఆగిపోతుంది" అనేది తప్పు. జూన్‌లో జీతం పెరిగితే సెప్టెంబర్ ఆఖరు దాకా చందా కట్ అవుతూనే ఉంటుంది. ఆ చందాకు తగ్గ ప్రయోజనాలు మరుసటి ఏడాది జనవరి నుంచి జూన్ దాకా అందుతాయి. అంటే సర్దుకోవడానికి టైమ్ ఉంటుంది.

అయినా ఇంట్లో అమ్మకో నాన్నకో ఈఎస్ఐ మీదే వైద్యం నడుస్తుంటే, 21,500 ఇస్తామన్న ప్రమోషన్ మంచిది కాదని నేనే చెబుతాను. కంపెనీ ఇచ్చే గ్రూప్ హెల్త్ పాలసీల్లో తల్లిదండ్రులు ఉండకపోవడమే ఎక్కువ. ఆ పాలసీలో వాళ్లను చేర్చమనో, బయట పాలసీ ప్రీమియం కట్టుకోగలిగేంత జీతం పెంచమనో ముందే అడగాలి. మాటిస్తే చాలదు, కాగితం మీద ఉండాలి.

ఒకవేళ బోనస్ పోయినా భయపడాల్సిందేమీ లేదు. కనీస బోనస్ 8.33 శాతం. 7,000 మీద లెక్కేస్తే ఏడాదికి దాదాపు 7,000. కనీస వేతనం మీద వేస్తే ఇంకా పెరుగుతుంది. నెలకు నాలుగు వేలు పెరిగేచోట అది పెద్ద లోటు కాదు.

మెసేజ్‌లో అసలు లేనిది గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం మానేసేటప్పుడు సర్వీసుకి కంపెనీ ఇచ్చే మొత్తం. దాన్ని ప్రధానంగా చివరి నెల బేసిక్ (మూల వేతనం), డీఏ (కరువు భత్యం) మీద, మొత్తం సర్వీసుకి లెక్కేస్తారు: ఏడాదికి 15 రోజుల జీతం, నెలను 26 రోజులుగా తీసుకుని. బేసిక్ 12,000 ఉన్నప్పుడు పదేళ్లకు సుమారు 69,000 వస్తుంది. అది 18,000 అయ్యాక మానేస్తే అవే పదేళ్లకు 1,03,000 దాటుతుంది. ఆపరేటర్‌గా చేసిన పాత ఏళ్లకూ కొత్త రేటే పడుతుంది. ఓటీకి ఈ లెక్కలో చోటే లేదు. అందుకే లెటర్ చేతికొచ్చాక మొత్తం జీతం ఎంతో చూసి సంతకం పెట్టేయకండి. పెంచిన నాలుగు వేలలో బేసిక్‌లోకి ఎంత వెళ్లిందో, "స్పెషల్ అలవెన్స్" కిందికి ఎంత తోశారో హెచ్ఆర్‌ని విడదీసి రాసిమ్మనండి.