మారతహళ్లి ఫ్లాటులోని ఫాల్స్ సీలింగ్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఫాల్స్ సీలింగ్ గారికి,

బెంగళూరు మారతహళ్లి, కుందలహళ్లి వైపు తెలుగు క్రైస్తవ సంఘస్థులు వందనాలతో రాయునది. మీరు క్షేమమేనని తెలుసు. గృహ ప్రతిష్ఠ కూడికలో అయ్యగారు ప్రార్థన చేస్తుంటే సగం మంది ఒక కన్ను తెరిచి మిమ్మల్నే చూశారు.

మీ రాక గురించి ఎవరూ "దేవుని చిత్తమైతే చూద్దాం" అనలేదు. ఉపవాస ప్రార్థన పెట్టలేదు. తమకు ఆ భారం ఉందో లేదో తడుముకోలేదు. డిజైనర్ ఫోన్లో రెండు బొమ్మలు చూపించింది, అడ్వాన్స్ వెళ్లిపోయింది. సండే స్కూల్‌కి ఇంకో టీచరు కావాలని అడిగినప్పుడు మాత్రం మీ ఇంటాయన "ప్రార్థన చేసి చెప్తాను అయ్యగారూ" అన్నారు. ఆ ప్రార్థన ఇంకా నడుస్తోంది.

మీ విషయంలో ఆయన శ్రద్ధ చూస్తే ముచ్చటేస్తుంది. పన్నెండుకు పది హాలు, 120 చదరపు అడుగులు. ఆరుకు నాలుగు జిప్సం బోర్డు 24 అడుగులు కప్పుతుంది కాబట్టి ఐదు చాలు, కోతల్లో పోయేదానికి ఆరోది. గోడ చుట్టూ పెరిమీటర్ ఛానల్, స్లాబు నుంచి వేలాడుతూ నాలుగడుగులకొక ఇంటర్మీడియట్ ఛానల్, దాని కింద అడ్డంగా ఒకటిన్నర అడుగుకొక సీలింగ్ సెక్షన్, బోర్డు పొడవునా తొమ్మిది అంగుళాలకొక స్క్రూ. మేస్త్రీ ఈ ఎడం పెంచేసి ఇనుము మిగుల్చుకుంటాడేమోనని ఆయనే టేపు పట్టుకుని నిచ్చెనెక్కారు. బోర్డుల అతుకులన్నీ ఒకే వరుసలో వస్తే పగులుతాయనీ, పేపర్ టేపు వేయకుండా పుట్టీ లాగించేస్తే కొన్నాళ్లకు గీత తేలుతుందనీ, ఫ్యాను బరువు మీ మీద పడకుండా స్లాబులోని కొక్కేనికే పొడుగు రాడ్‌తో వేలాడదీయాలనీ అన్నీ నేర్చుకున్నారు. నిర్గమకాండం 26లో ప్రత్యక్ష గుడారపు పలకకు పది మూరల పొడుగు, మూరెడున్నర వెడల్పు, కింద రెండేసి వెండి దిమ్మలు అని దేవుడు చెప్పిన కొలతలున్నాయి. ఏడాదిలో బైబిలు పూర్తిచేసే పట్టికలో ఆయన చకచకా తిప్పేసేది ఆ పేజీలనే.

ఇక మా కప్పు సంగతి. ఆరాధన జరిగేది అద్దె మేడ పైన, రేకుల షెడ్డులో. శనివారం రాత్రి వాన పడితే ఆదివారం ఉదయం పిల్లలు కూర్చునే చాపలు తడిసి ఉంటాయి. ఇందులో లోతైన వేదాంతమేమీ లేదు. రేకును పట్టుకున్న బోల్టుల కింది వాషర్లు ఎండకు బిరుసెక్కి పగిలాయి. వేసినవాడు కొన్ని బోల్టులను రేకు మిట్ట మీద కాక పల్లంలో దించాడు, నీళ్లు పారేదేమో పల్లంలోనే. పాత వాషర్లు పీకి కొత్త రబ్బరు వాషర్లు వేయాలి, పల్లంలోని బొక్కలను సీలెంట్‌తో మూసి మిట్ట మీద కొత్తగా బిగించాలి. రేకు పూర్తిగా ఆరిన రోజునే చేయాలి, తడి మీద సీలెంట్ అంటదు. రేకు నడిమధ్యన కాలు పెడితే మనిషి నేరుగా ప్రసంగ వేదిక మీదికే దిగుతాడు, అందుకని కింద దూలం ఉన్నచోట పలక వేసుకుని నడవాలి. సామానంతా కలిపినా మీ అంచుల్లో వెలిగే ఎల్ఈడీ పట్టీ ఖరీదుకు రాదు. కమిటీలో ఈ మాట వచ్చిన ప్రతిసారీ దీన్ని ప్రార్థనాంశంగా రాసుకుంటున్నారు.

మీ వంశం పాతది లెండి. క్రీ.పూ. 520లో, పారసీక రాజు దర్యావేషు ఏలుబడి రెండో ఏట ఆరో నెల మొదటి తేదీన హగ్గయి ప్రవక్త యెరూషలేములో మీ పూర్వీకులను చూపించే జనాన్ని నిలదీశాడు: మందిరం పాడుబడి ఉండగా మీకు సరంబీ (చెక్క పలకల లోకప్పు) వేసిన ఇళ్లా అని. బబులోను చెర నుంచి తిరిగొచ్చి మందిరానికి పునాది వేశారు, చుట్టుపక్కలవాళ్లు అడ్డం పడితే ఆపేశారు, అలా సుమారు 16 ఏళ్లు గడిచాయి. అడ్డంకి నిజమే, ఎజ్రా 4 చదివితే తెలుస్తుంది. అది సొంత ఇళ్ల పనికి మాత్రం అడ్డం రాకపోవడమే చిత్రం. జనం చెప్పుకున్న సాకు, సమయమింకా రాలేదని. ప్రవక్త ఇళ్లు కూలగొట్టమనలేదు. కొండెక్కి మ్రాను తెమ్మన్నాడు. ఆ నెల 24వ తేదీకే పని మొదలైంది, దర్యావేషు ఆరో ఏట అదారు నెల 3కి మందిరం పూర్తయింది.

మీ తరఫున సాక్ష్యం కావాలంటే సొలొమోనును పిలుచుకోండి. మందిరానికి ఏడేళ్లు, సొంత రాజభవనానికి పదమూడేళ్లు. ఈ రెండు లెక్కలూ 1 రాజులు 6:38లోనూ 7:1లోనూ పక్కపక్కనే ఉన్నాయి, మధ్యలో అధ్యాయం మారడం వల్ల ఆయన బతికిపోయాడు. యిర్మీయా 22 జోలికి మాత్రం వెళ్లకండి. అక్కడ యూదా రాజు యెహోయాకీము దేవదారు సరంబీ వేయించి ఇంగిలీకం ఎరుపు రంగు కొట్టించాడు, పనివాళ్లకు కూలి ఎగ్గొట్టాడు. మీకు పుట్టీ పట్టిన కుర్రాడి చివరి బిల్లు "ఫినిషింగ్ చూసి ఇస్తాం" అని ఇంకా ఆగే ఉందట. మీ వెలుగు పడే గోడ మీద "నేనును నా యింటివారును యెహోవాను సేవించెదము" అని అక్రిలిక్ అక్షరాలు మెరుస్తున్నాయి. ఆ అక్షరాలు చేసినవాడు తెలివైనవాడు, ముందే డబ్బు తీసుకున్నాడు.

మీరు పాపమని మేము అనం. పై అంతస్తు ఫ్లాటులో స్లాబుకీ బోర్డుకీ మధ్య గాలి ఉంటే ఏప్రిల్ వేడి కొంత తగ్గుతుంది, వైర్లూ దాగుతాయి. మా పేచీ మీరు వచ్చాక కూడా ఏదో ఒక పని అడుగుతూనే ఉండటంతో. ఎల్ఈడీ పట్టీ కంటే ముందు దానికి కరెంటు అందించే డ్రైవరు పోతుంది. అంచుల్లో దుమ్ము పేరుకుంటుంది, చెయ్యి దూరదు. పై స్లాబు కారితే పసుపు మచ్చ తేలుతుంది. పైన లీకు ఆపకుండా రంగు పూస్తే ఆ మచ్చే మళ్లీ వస్తుంది, బోర్డు నానితే జారుతుంది కూడా. ఈ పనులకు మీ ఇంటాయనకు సెలవు దొరుకుతోంది. కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రికి అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చిన రోగులతో ఒక పూట తిరగమంటే మాత్రం "ఆఫీసులో రిలీజ్ ఉంది బ్రదర్" అంటారు. వాళ్లకు కావలసింది ప్రసంగం కాదు. పొద్దున్నే చీటీ వరుసలో తోడు, పాత రిపోర్టుల జిరాక్స్ రెండు సెట్లు, కౌంటరు మీది కన్నడ బోర్డు చదివిపెట్టే మనిషి, డాక్టరు చెప్పింది తెలుగులో మళ్లీ నిదానంగా చెప్పే మనిషి, రక్తం అడిగితే దాత. నెలకొక పూట చాలు.

ఈ శనివారం వాన లేకపోతే మధ్యాహ్నం మూడింటికి రేకుల పని పెట్టుకున్నాం. పైన ఇద్దరు, కింద నిచ్చెన పట్టుకోవడానికి ఒకరు, వాషర్లు అందించడానికి ఒకరు కావాలి. మీ ఇంటాయనకు గుర్తుచేయండి. వీలుకాకపోతే ఫరవాలేదు, మిమ్మల్ని కొలవడానికి కొన్న పన్నెండడుగుల అల్యూమినియం నిచ్చెన మాత్రం వాచ్‌మన్ దగ్గర పెట్టి వెళ్లమనండి.

ఇట్లు,
తడి చాపల సంఘస్థులు